మింగిన కన్ను

మా అమ్మ ఆ మాట ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు.

బాత్రూంలో రక్తం పడుతోందన్న మాట. మొదటిసారి చూసినప్పుడు ఒంట్లో వేడి చేసిందనుకుందట. మజ్జిగ ఎక్కువ తాగింది, సబ్జా గింజలు నానబెట్టుకుంది, ఆవకాయ మానేసింది. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదలైతే మొలలేమో అనుకుంది. మొలలకి మందిస్తామని గోడల మీద రాసిన ప్రకటనలు మా ఊరి బస్టాండు చుట్టూ బోలెడు. కానీ అక్కడికి వెళ్ళాలన్నా ముందు ఇంట్లో ఎవరో ఒకరికి చెప్పాలి కదా. నాన్నకి చెప్పలేదు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో గంటసేపు మాట్లాడే నాకూ చెప్పలేదు. చివరికి ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, విడిదింట్లో పక్కపక్కన పడుకున్నప్పుడు, లైటు ఆర్పేశాక పిన్నికి చెప్పింది. పిన్ని నాకు ఫోన్ చేసి "నేను చెప్పానని అనకురా" అంటూ మొదలుపెట్టింది.

అప్పటికి అమ్మకి 53 ఏళ్ళు. పెద్దపేగులో కేన్సర్. ఆపరేషన్ అయింది, కీమో అయింది, ఐదేళ్ళు దాటాయి. ఇప్పుడు బాగానే ఉంది. ఇది రాస్తానంటే "రాసుకో, నా పేరు మాత్రం వెయ్యకు" అంది.

నాకు అప్పుడొచ్చిన కోపం ఇంకా గుర్తుంది. "ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందమ్మా? చెయ్యిలాగా కాలులాగా అదీ ఒంట్లో ఒక భాగమే కదా" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. హాస్పిటల్ కుర్చీలో కొంగు భుజం మీదకి లాక్కుని కూర్చుంది. ఎదుటి మనిషి తప్పు చేస్తోందంటే ఆమె దగ్గర సమాచారం తక్కువుందని, సరైన సమాచారం ఇస్తే సరైపోతుందని నమ్మే వృత్తి నాది. 

ఈ ఐదేళ్ళలో నేను ఒక మాత్ర గురించి చాలా చదివాను. మందు మాత్ర కాదు, కెమెరా ఉన్న మాత్ర. దాని గురించి చదివినప్పుడల్లా, అమ్మతో నేనన్న ఆ మాట నా ముందుకొచ్చి నిలబడుతోంది.

*

పెద్దపేగుని చూడటానికి వాడే కాప్స్యూల్ పొడవు మూడు సెంటీమీటర్లు దాటి కొంచెం, మందం సెంటీమీటరు దాటి కొంచెం. రెండు చివర్లా రెండు కెమెరాలు, లోపలి చీకట్లో చూడటానికి చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాలు, ఒక బ్యాటరీ, ఒక ట్రాన్స్‌మిటర్. గ్లాసుడు నీళ్ళతో మింగెయ్యడమే. నడుముకి కట్టుకున్న రికార్డర్‌కి అది ఫోటోలు పంపుతూ ఉంటుంది. నిదానంగా కదులుతుంటే సెకనుకి 4, వేగంగా జారుతుంటే సెకనుకి 35. మోటారు లేదు, స్టీరింగ్ లేదు. అన్నం ముద్దని ముందుకి తోసే పేగు కదలికే దీన్నీ తోస్తుంది. కొన్ని గంటల తర్వాత దానంతట అదే బయటికి వచ్చేస్తుంది. మళ్ళీ వాడరు.

దీనికి మూలమైన ఆలోచన ఒక ఇంజనీరుది. గావ్రియెల్ ఇడాన్ ఇజ్రాయెల్ రక్షణ సంస్థ రఫాయెల్‌లో, క్షిపణులకి దారి చూపించే కెమెరాల మీద పనిచేసేవాడు. 1981లో ఆయన బోస్టన్‌లో ఉన్నప్పుడు పొరుగున ఐతాన్ స్కాపా అనే జీర్ణకోశ వైద్యుడు ఉండేవాడు. నోట్లోంచి గొట్టం పంపినా, కిందనుంచి పంపినా చిన్నపేగు మధ్యభాగం అందడం లేదన్నది ఆ డాక్టరు బాధ. క్షిపణి ముక్కుకి పెట్టే కన్నుని మనిషి చేత మింగించలేమా అన్న ఊహ ఆ మాటల్లోంచే పుట్టింది. అది వస్తువు కావడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. లండన్‌లో ఇదే ప్రయత్నం విడిగా చేస్తున్న పాల్ స్వేన్ అనే డాక్టరు వీళ్ళతో కలిశాడు. 1999లో దాన్ని మొదట ఆయనే మింగాడు. 2000లో 'నేచర్' పత్రికలో చిన్న వ్యాసం, 2001లో అమెరికాలో అనుమతి. అప్పుడు దాని పేరు ఎమ్‌టూఏ, అంటే 'నోటి నుంచి మలద్వారం దాకా'. తర్వాత పిల్‌క్యామ్ అని మార్చారు. ఆ మార్పులో నాకు కొంచెం సిగ్గు కనిపిస్తుంది.

పెద్దపేగు కోసం ప్రత్యేకంగా చేసిన కాప్స్యూల్ తర్వాత వచ్చింది. కొలనోస్కోపీ మొదలుపెట్టి పూర్తిచెయ్యలేకపోయినవాళ్ళ కోసం 2014లో అమెరికా ఎఫ్‌డీఏ దానికి అనుమతిచ్చింది. కోవిడ్ వల్ల కొలనోస్కోపీల కోసం క్యూలు పెరిగిపోయాక, 2021లో ఇంగ్లాండు ఎన్‌హెచ్‌ఎస్ దీన్ని 11,000 మందికి ఇచ్చి చూద్దామని ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఇంట్లో తిరుగుతూ, టీవీ చూస్తూ చేయించుకునే పరీక్ష ఇది. మత్తు అక్కర్లేదు. వెనకవైపు తెరుచుకునే గౌను అక్కర్లేదు. తెలియని మనుషుల ముందు పక్కకి తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకోనక్కర్లేదు.

ఇక్కడే నా ప్రశ్న. మనిషి సిగ్గుపడుతున్నాడని, ఆ సిగ్గుని పక్కనుంచి దాటుకుపోయే యంత్రాన్ని తయారుచెయ్యడం ఆ మనిషికిచ్చే గౌరవమా? లేక ఆ సిగ్గు ఎన్నటికీ పోదని ఒప్పేసుకోవడమా?

*

డాక్టరు అమ్మని అడిగిన మొదటి ప్రశ్న "మోషన్ ఎలా అవుతోందమ్మా?" ఆ ఇంగ్లీషు ముక్క లేకపోతే ఆ సంభాషణ అక్కడే ఆగిపోయేది. తెలుగులో మాటలు లేక కాదు. 'మలవిసర్జన' అని సైన్సు పుస్తకంలో ఉంటుంది, దాన్ని ఎవరూ నోటితో అనరు. నోటితో అనేదాన్ని ఎవరూ పుస్తకంలో రాయరు. ఈ రెంటి మధ్యా మనం 'దొడ్డికి', 'బయటికి', 'చెంబు పట్టుకుని' అంటూ, బడిలో రెండు వేళ్ళు చూపిస్తూ పెరిగాం. గమనించండి, ఇవన్నీ చోటు పేర్లు, వస్తువుల పేర్లు, సైగలు. ఆ పని పేరు ఒక్కటీ కాదు. పని పేరే లేనప్పుడు, ఆ పనిలో తేడా వచ్చిందని చెప్పడానికి మాటలెక్కడివి?

రోగాల్లోనూ పరువైనవి, పరువు తక్కువవి ఉంటాయి. 'ప్రేమాభిషేకం'లో నాగేశ్వరరావుకి కేన్సర్. ఆ సినిమా వచ్చిందీ 1981లోనే, బోస్టన్‌లో ఆ ఇద్దరూ మాట్లాడుకున్న ఏడే. 'గీతాంజలి' (1989)లో నాయికా నాయకులిద్దరికీ ప్రాణాంతకమైన జబ్బులే. ఇలాంటి సినిమాల్లో రోగం మనిషిని మరింత అందంగా చేస్తుంది, పాటలు పాడిస్తుంది, త్యాగాలు చేయిస్తుంది. పెద్దపేగు కేన్సర్ వచ్చిన హీరోని మాత్రం నేనింతవరకూ చూడలేదు. సుసాన్ సొంటాగ్ 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' (1978)లో ఈ సంగతి పట్టుకుంది. ఊపిరితిత్తుల జబ్బైన క్షయకి సాహిత్యం ఒక ఆత్మసౌందర్యాన్ని కట్టబెట్టిందనీ, కేన్సర్ అలా కాకుండా నలుగురిలో పేరెత్తలేని అవయవాలకి కూడా వస్తుందనీ ఆమె వాదన. శరీరంలో పైభాగం కవిత్వానిది, కింది భాగం పారిశుధ్య శాఖది అన్నట్టుంటుంది మన పంపకం. నేను చదివిన తెలుగు కథల్లోనూ గుండె పగిలినవాళ్ళు వందలమంది ఉన్నారు. పేగు గురించి మాట్లాడినవాళ్ళు ఆకలి గురించి మాట్లాడినప్పుడే మాట్లాడారు.

కాబట్టి అమ్మ సిగ్గు అమ్మ ఒక్కదాని అజ్ఞానం కాదు. అది మనందరం కలిసి కట్టిన గోడ. గోడ కట్టినవాళ్ళలో ఒకడినైన నేనే "ఎందుకు దాటలేదు" అని ఆమెని నిలదీశాను.

*

కొలనోస్కోపీ ముందురోజు సాయంత్రం నుంచి అమ్మ ఆ ఉప్పు ఉప్పుగా ఉండే పొడి నీళ్ళు లీటర్లకొద్దీ తాగింది. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున హాస్పిటల్‌కి వెళ్తే, వెయిటింగ్ హాల్లో పాతికమంది మధ్యలో కూర్చున్న అమ్మని, తలుపు దగ్గరనుంచే ఒకతను కేకేసి అడిగాడు: "అమ్మా, మోషన్ నీళ్ళలాగా క్లియర్‌గా అయిందా?" పాతికమందీ తిరిగి చూశారు. లోపల గౌను మార్చుకునే చోట కర్టెన్‌కి రెండు రింగులు ఊడిపోయి, అది చివరిదాకా మూసుకోలేదట. "ఆడ డాక్టరు లేరా?" అని అడిగితే "ఇక్కడ ఆడా మగా ఏంటమ్మా, అందరూ డాక్టర్లే" అన్నారట. ఇదంతా పిన్ని తర్వాత చెప్పింది. అమ్మ ఈ సంగతి కూడా చెప్పలేదు.

సార్త్ర్ 1943లో రాసిన పెద్ద పుస్తకంలో ఒక తాళంచెవి కన్నం ఉదాహరణ ఉంది. ఒకడు కన్నంలోంచి లోపలికి చూస్తుంటాడు. చూస్తున్నంతసేపూ సిగ్గు లేదు. వెనక అడుగుల చప్పుడు వినపడగానే, తనని ఎవరో చూస్తున్నారని తెలియగానే సిగ్గు వచ్చిపడుతుంది. సిగ్గు మనలోంచి పుట్టేది కాదు, ఇంకో మనిషి చూపులోంచి మన మీద పడేది అన్నది ఆయన పాయింటు. నేను ఇంజనీరింగ్‌లో ఉండగా దీన్ని ఏదో తెలివైన పజిల్‌లాగా చదివాను. ఆ ఊడిపోయిన కర్టెన్ రింగుల గురించి విన్నాక గానీ అర్థం కాలేదు. అమ్మ సిగ్గు మూఢత్వం కాదు. లోకం తనని ఎలా చూడబోతోందో ఆమెకి ఉన్న కచ్చితమైన అంచనా. ఆ అంచనా అక్షరాలా నిజమైంది.

అందుకని కొన్నాళ్ళు నేను కాప్స్యూల్ మీద కోపంగా ఉన్నాను. నా వాదన ఇలా సాగేది. కర్టెన్‌కి రెండు రింగులు వేయించడం ఎంత ఖర్చు? పేషెంటు దగ్గరికి నడిచి వెళ్ళి మెల్లగా అడగడం ఎంత ఖర్చు? ఈ చౌకైన మర్యాదలు నేర్చుకోకుండా ఉండటానికి మనం ఖరీదైన కెమెరాని కనిపెట్టుకున్నాం. పైగా అది తప్పించేది కూడా సగమే. పొడి నీళ్ళు, ఆ నిద్రలేని రాత్రి దీనికీ తప్పవు. కొలనోస్కోపీలో అయితే మధ్యలో నీళ్ళు కొట్టి కడుక్కుంటూ చూడొచ్చు, కాప్స్యూల్‌కి ఆ వీలు లేదు, కాబట్టి పేగు ఇంకా శుభ్రంగా ఉండాలి. అది ఆగి వెనక్కి తిరిగి చూడలేదు. ముక్క తీసి పరీక్షకి పంపలేదు. చిన్న పాలిప్ కనిపిస్తే అక్కడికక్కడే కత్తిరించలేదు. కనిపించిందంటే మళ్ళీ కొలనోస్కోపీయే. ఆ గొట్టం, ఆ గౌను, ఆ కర్టెన్ అన్నీ వాయిదా పడతాయంతే.

*

శరీరం లోపలికి చూడటం గురించి వెతుకుతుంటే ఎదురైన ఒక మనిషిని మర్చిపోలేకపోతున్నాను. అలెక్సిస్ సెయింట్ మార్టిన్. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో, బొచ్చుతోళ్ళ వ్యాపారంలో కూలిపని చేసే ఇతనికి పొరపాటున తుపాకీ పేలి పక్కటెముకల కింద పెద్ద గాయమైంది. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు బతికించాడు. గాయం మానింది కానీ పొట్టలోకి ఒక కన్నం అలాగే ఉండిపోయింది. బోమాంట్ ఆ కన్నంలోంచి ఏళ్ళ తరబడి చూశాడు. దారానికి మాంసం ముక్కలు కట్టి లోపలికి వదిలి, కాసేపటికి బయటికి లాగి ఎంత అరిగిందో రాసుకున్నాడు. 1833లో పుస్తకం వేశాడు. జీర్ణక్రియ గురించి మనకి తెలిసినదాంట్లో కొన్ని ముఖ్యమైన పాఠాలు ఆ కన్నంలోంచి వచ్చినవే. అలెక్సిస్ అతని ఇంట్లో పనివాడిగా కూడా ఉన్నాడు. మధ్యమధ్యలో పారిపోయేవాడు.

1880లో అలెక్సిస్ చనిపోయాడు. డాక్టర్లు ఆ పొట్ట కోసం వస్తారని అతని కుటుంబానికి తెలుసు. అందుకని శవం పాడైపోయేదాకా ఇంట్లోనే ఉంచి, ఆ తర్వాత లోతైన గొయ్యి తీసి పూడ్చిపెట్టారు.

చూపు వల్ల విజ్ఞానం వచ్చింది, నిజమే. కానీ చూసినవాడికి అతను కన్నం చుట్టూ ఉన్న మనిషి మాత్రమే. బోమాంట్ దగ్గర కాప్స్యూల్ ఉంటే అలెక్సిస్ పారిపోయేవాడా? నా అనుమానం, అప్పుడూ పారిపోయేవాడే. అతన్ని బాధించింది చూడటం ఒక్కటే కాదు, తనని అడగకుండా, తనతో మాట్లాడకుండా చూడటం.

ఈ మాట నా మీదకే తిరుగుతుంది. నా ఉద్యోగం లాగ్ ఫైళ్ళు చదవడం. ఎక్కడో ఎవరి పేమెంటో మధ్యలో ఆగిపోతుంది, నాకొక వరస కనిపిస్తుంది: ఒక ఐడీ నంబరు, ఒక టైము, ఒక ఎర్రర్ కోడ్. ఆ మనిషి పేరు, మొహం నాకు తెలియవు. అది అతనికి రక్షణ, కాదనను. కానీ ఒకరోజు రాత్రి రెండింటికి అలాంటి ఒక వరస చూసి, "ఒక్క యూజరే కదా, పొద్దున చూద్దాం" అని పడుకున్నాను. పొద్దున తెలిసింది, అది ఎవరో హాస్పిటల్‌కి కట్టాల్సిన డబ్బని. కాప్స్యూల్ పంపే వేలకొద్దీ ఫోటోలనీ ఎవరో ఒకరు ఇలాగే ఒక తెర ముందు కూర్చుని చూస్తారు. అనుమానంగా ఉన్నవాటిని సాఫ్ట్‌వేర్ ఏరిపెట్టడం కూడా మొదలైంది. అక్కడ సిగ్గు లేదు, ఎందుకంటే మొహం లేదు. మొహం లేనిచోట బాధ్యత కూడా కొంచెం పల్చబడుతుందని నాకు ఆ రాత్రి వల్ల తెలుసు.

ఇంత దాకా వచ్చి, నా వాదన గట్టిదేనని నాకు నేను చప్పట్లు కొట్టుకున్నాను.

*

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఫోన్లో ఆ కాప్స్యూల్ ఫోటో అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది.

"ఇది మింగితే చాలా?"

"చాలు. కానీ అందరికీ సరిపోదు. నీకున్నట్టు రక్తం పడుతుంటే డాక్టర్లు ఎలాగూ గొట్టంతోనే చూస్తామనేవాళ్ళు."

"ఎవరు చూస్తారు బొమ్మల్ని?"

"ఎవరో డాక్టరు. నువ్వెవరో ఆయనకి తెలియదు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ నా చేతికిచ్చేస్తూ అంది: "అప్పుడు ఇలాంటిది ఒకటుందని తెలిస్తే, ముందే చెప్పేదాన్నేమోరా."

కాప్స్యూల్ మీద నేను ఐదేళ్ళుగా పేర్చిన వాదన ఆ ఒక్క 'ఏమో'తో కూలింది. సిగ్గుని దాటించే యంత్రం సిగ్గుని అలాగే ఉంచేస్తుందని నేననుకున్నాను. అమ్మ చెప్పింది వేరు. రెండో తలుపు ఉందని తెలిస్తే, మొదటి తలుపు దాకా నడిచి వచ్చే ధైర్యం వస్తుంది. ఆ కాప్స్యూల్ ఆమెకి పనికొచ్చేదా లేదా అన్నది తర్వాతి సంగతి. ఆ ఎనిమిది నెలల్లో ఆమె భయపడింది కేన్సర్‌కి కాదు, చెప్పాక జరగబోయేదానికి. ఆ జరగబోయేది కాస్త తేలికగా ఉంటుందని తెలిసుంటే, మాట మూడో నెలలోనో నాలుగో నెలలోనో బయటికి వచ్చేది. పెద్దపేగులో పాలిప్ కేన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్ళు పడుతుంది. అలా మారాక మాత్రం నెలలు లెక్కే.

సిగ్గు పోవాలి, నిజమే. కానీ ఎవరి సిగ్గు ఎప్పటికి పోవాలో గడువు పెట్టే హక్కు, బట్టలు విప్పాల్సిన అవసరం లేనివాడికి ఉండదు. మనుషులు మారేదాకా ప్రాణం ఆగదు కదా. అందుకని కాప్స్యూల్ ఉండాలి. అది ఉంది కదా అని కర్టెన్ రింగులు ఊడిపోయి ఉండటానికి వీల్లేదు. ఇప్పుడు నాకు తోస్తున్న జవాబు ఇంతే, పెద్ద సిద్ధాంతమేమీ కాదు.

ఇక ఇంతసేపూ దాచిన సంగతి. అమ్మ ఆపరేషన్ అయ్యాక డాక్టరు నాతో చెప్పాడు: తల్లికి ఈ వయసులో వచ్చింది కాబట్టి, నలభై వచ్చేసరికి నువ్వు కూడా కొలనోస్కోపీ చేయించుకోవాలి అని. నాకిప్పుడు 39. నేను కాప్స్యూల్ గురించి ఇంత చదివింది తాత్త్విక జిజ్ఞాసతో కాదు. గొట్టం తప్పించుకోవడానికి దారేమైనా ఉందేమోనని. "చెయ్యిలాగా కాలులాగా అదీ ఒక భాగమే" అన్నవాణ్ణి, ఈ ఐదేళ్ళలో ఈ సంగతి నా భార్యతో ఒక్కసారి కూడా అనలేదు. ఆఫీసులో హెల్త్ చెకప్ ఫారం వస్తే, 'కుటుంబంలో ఎవరికైనా' అన్న గడి దగ్గర 'లేదు' అని టిక్ పెట్టాను. అమ్మ ఎనిమిది నెలలు దాచింది. నేను ఐదేళ్ళు.

పోయిన వారం డాక్టరుని అడిగాను. కాప్స్యూల్ చేయించుకోవచ్చు గానీ నీకు గొట్టమే మంచిది, ఏదైనా ఉంటే అప్పుడే తీసేస్తాం అన్నాడు. సరేనన్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నా భార్యకి చెప్పాను. చెప్పడానికి మూడుసార్లు మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. తర్వాత అమ్మకి ఫోన్ చేశాను. తారీఖు అడిగింది. ఆ పొడి నీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టుకుని చల్లగా తాగమంది, లేకపోతే గొంతు దిగవంది. ఫోన్ పెట్టేయబోతుంటే ఆపింది.

"ఒరేయ్, నేనూ వస్తా."

"ఎందుకమ్మా, మత్తిస్తారు, గంటలో అయిపోతుంది."

"వస్తాలేరా. కర్టెన్ దగ్గర నిలబడతాను."